చాప మీద పది నిమిషాలు: పిల్లల్ని విశ్వాసంలో పెంచడానికి ఇంటి మార్గదర్శి

పదహారేళ్లుగా సండే స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. కొత్తగా పిల్లల్ని తీసుకొచ్చి వదిలే అమ్మానాన్నలు దాదాపు అందరూ అనే మాట ఒకటే: "టీచర్ గారూ, మావాడికి కాస్త దైవభక్తి నేర్పండి." నేర్పుతాం, సంతోషంగా నేర్పుతాం. కానీ వారానికి 168 గంటలుంటే సండే స్కూలుకు దక్కేది ఒక్క గంట. అందులో హాజరుకు కొంత, యాక్షన్ సాంగ్స్‌కు కొంత పోతుంది. బడి, ట్యూషన్, నిద్ర తీసేసినా మిగిలిన సమయమంతా పిల్లలు మీ దగ్గరే ఉంటారు. మిమ్మల్నే చూస్తారు.

బైబిల్ కూడా ఈ పనిని మొదట ఇంటికే అప్పగించింది. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం 7వ వచనం చూడండి: "నీవు నీ కుమారులకు వాటిని అభ్యసింపజేసి, నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును వాటినిగూర్చి మాటలాడవలెను." కూర్చోవడం, నడవడం, పడుకోవడం, లేవడం. ఇవి ఎలాగూ మనం రోజూ చేసేవే. కొత్తగా టైం వెతుక్కోనక్కర్లేదు, ఉన్న టైంలోనే ఆ మాటలు చేరాలి. అది ఎలాగో, మా ఇంట్లో పడుతూ లేస్తూ నేర్చుకున్నదీ, సండే స్కూల్ పిల్లల దగ్గర చూసిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

1. మొదట మీ సంగతి

ఏడో వచనం అందరికీ తెలుసు. దాని ముందున్న ఆరో వచనాన్ని చాలామంది దాటేస్తారు: "నేడు నేను నీకాజ్ఞాపించు ఈ మాటలు నీ హృదయములో ఉండవలెను." పిల్లలకు చెప్పమనే ముందు నీలో ఉంచుకోమన్నాడు దేవుడు. మనలో లేనిది పిల్లలకు ఇవ్వాలని చూస్తే వాళ్లు రెండు రోజుల్లో కనిపెట్టేస్తారు.

తెల్లవారుజామునే లేచి, ఇంట్లోవాళ్లు లేచేలోపే ప్రార్థన ముగించుకునే అమ్మలు మనలో చాలామంది ఉన్నారు. మంచిదే. కానీ ఆ ప్రార్థన సంగతి పిల్లలకు ఎప్పటికీ తెలియకుండా పోతుంది. వారంలో రెండు మూడు రోజులైనా, వాళ్లు కళ్లు నులుముకుంటూ వచ్చేసరికి మీ ఒళ్లో బైబిల్ ఉండనివ్వండి. పక్కన కూర్చుంటే కూర్చోనివ్వండి. ఏమీ బోధించొద్దు. ఆ వచనాన్ని కాస్త పైకి చదివితే చాలు.

ఇంకో చిన్న విషయం. ఇంట్లో కాగితం బైబిలే వాడండి. ఫోన్‌లో చదివితే మీకు తేడా లేకపోవచ్చు, పిల్లలకు మాత్రం మీరు కీర్తనలు చదువుతున్నారో వాట్సాప్ చూస్తున్నారో తెలియదు. ప్రయాణాల్లో ఫోన్ బైబిల్ సరిపోతుంది.

నాన్నలకు ఒక మాట. మన ఇళ్లల్లో ప్రార్థన అమ్మ డిపార్ట్‌మెంట్ అయిపోయింది. నాన్న ఆదివారం బండి తీసి మందిరం దగ్గర దించుతాడు, అంతవరకే. అలాంటి ఇంట్లో పెరిగిన మగపిల్లలు పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చేసరికి ఇది ఆడవాళ్ల పని అనుకుని పక్కకు జరిగిపోవడం నా క్లాసులో ఎన్నోసార్లు చూశాను. మీకు పెద్దగా ప్రార్థన చేయడం రాకపోయినా ఫర్వాలేదు. "ప్రభువా, ఈ రోజు మమ్మల్ని కాపాడావు, వందనాలు" అని రెండు ముక్కలు మీ నోటితో మీరే అనండి.

2. చాప వేయండి

కుటుంబ ప్రార్థన అనగానే గంటసేపు జరగాలనుకుని మొదలుపెడతాం. మూడో రోజుకు ఆగిపోతుంది. మేమూ అలా నాలుగైదుసార్లు మొదలుపెట్టి ఆపేసినవాళ్లమే. నిలబడింది ఈ పద్ధతి:

ముందు సమయం ఖాయం చేయండి. గడియారంలో ఇన్ని గంటలకు అని కాకుండా, రోజూ తప్పక జరిగే ఒక పనికి ముడిపెట్టండి. మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యి, గిన్నెలు సింక్‌లో వేసి, ఇంకా పరుపులు వేయకముందు. ఒక్కోరోజు ఎనిమిదింటికి అవుతుంది, ఒక్కోరోజు పదింటికి. కానీ అన్నం తినని రోజు లేదు కాబట్టి ప్రార్థన లేని రోజూ దాదాపు లేదు. చాప వేయడం చిన్నవాళ్ల పని. ఫోన్లన్నీ వేరే గదిలో ఛార్జింగ్‌లో పెట్టాలి, పెద్దవాళ్లవి కూడా.

తర్వాత వరస. ఒక పాట, అదీ ఒక పల్లవి, ఒక చరణం. బైబిల్ నుంచి పది వచనాల లోపు. ఒక ప్రశ్న. తలా ఒక వాక్యం ప్రార్థన. చివర్లో అందరూ కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన. మొత్తం పది నిమిషాలు. ఇంట్లో అందరికన్నా చిన్నవాడి వయసు ఎంతో అన్ని నిమిషాలకు మించి చదవడం, వివరించడం వద్దు. నాలుగేళ్ల బిడ్డ ఉంటే నాలుగు నిమిషాలు. నేను పెట్టుకున్న కొలత ఇది, ఇప్పటివరకు బాగానే పనిచేసింది.

ఏం చదవాలి? మార్కు సువార్తతో మొదలుపెట్టండి. నాలుగు సువార్తల్లో అదే చిన్నది, 16 అధ్యాయాలు. మాటలకంటే సంఘటనలు ఎక్కువ కాబట్టి పిల్లలు నిద్రపోరు. రోజుకు పదేసి వచనాలైతే రెండు నెలల పైచిలుకు పడుతుంది. వంశావళులు, లేవీయకాండము తర్వాత సంగతి.

ప్రశ్న అడిగేటప్పుడు "ఈ కథలో నీతి ఏంటి?" అని అడగొద్దు. అది స్కూల్ ప్రశ్న, వచ్చేది కూడా స్కూల్ జవాబే. "అబద్ధం చెప్పకూడదు" అని ఏ కథకైనా అదే చెబుతారు. దాని బదులు "ఇందులో ఎవరికి భయమేసింది?", "నువ్వు అక్కడ ఉంటే ఎక్కడ నిలబడేవాడివి?" అని అడగండి.

ఒక రాత్రి మార్కు 4లో తుఫాను కథ చదివాం. శిష్యులు బెదిరిపోతుంటే యేసుప్రభువు దోనె అమరమున, అంటే పడవ వెనక భాగంలో, తలగడ మీద నిద్రపోతున్నాడు. అప్పటికి ఐదేళ్లున్న మా అబ్బాయి మధ్యలో ఆపి, "అమ్మా, యేసయ్యకు దిండు ఎవరిచ్చారు?" అన్నాడు. ఎన్నోసార్లు చదివిన కథ, ఆ దిండు నాకెప్పుడూ కనబడలేదు. ఎవరో జాలరి తెచ్చి ఉంటాడు, పొద్దున్నుంచి బోధించి అలిసిపోయాడు కదా అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, లేచి వెళ్లి తన దిండు తెచ్చి చాప మధ్యలో పెట్టాడు. ఆ రోజు ఇంకేం వివరించలేదు. అక్కడితో ప్రార్థన చేసి ముగించాం.

పిల్లలు కునికిపాట్లు పడితే పడనివ్వండి. చుట్టాలొస్తే వాళ్లనీ కూర్చోమనండి. ఒకరోజు తప్పిపోతే మర్నాడు దాని గురించి మాట్లాడకుండా చాప వేయండి.

3. బైబిల్ తెలుగును విడమరిచి చెప్పండి

ఇది మన పిల్లలకు ప్రత్యేకంగా ఉన్న కష్టం. మన దగ్గరున్న బైబిల్ భాష గ్రాంథికం. అది వినడానికి ఎంత గంభీరంగా ఉంటుందో, అర్థంకావడం అంత కష్టం. ఇప్పటి పిల్లలు ఇంగ్లీష్ మీడియం, వాళ్లకు వాడుక తెలుగే అంతంతమాత్రం. వాళ్లు కంఠతా చెప్పేస్తుంటే అర్థమైందనుకుని మురిసిపోతాం.

క్లాసులో ఒకసారి "సమాధానము అంటే ఏమిటి?" అని అడిగాను. పదిమందీ ఒకేసారి "ఆన్సర్!" అన్నారు. వాళ్ల తప్పేం లేదు, బడిలో ప్రశ్నకు రాసేది సమాధానమే కదా. "మీకు సమాధానము కలుగును గాక" అని పాస్టర్ గారు ఆదివారం ఆశీర్వదిస్తుంటే ఆ పిల్లలకు ఇన్నాళ్లూ ఏం వినబడిందో! బైబిల్లో ఆ మాటకు శాంతి అని, మనసు కుదుటపడటం అని అర్థం.

ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. "లేమి" అంటే కొరత. "శోధన" అంటే పరీక్ష, తప్పు వైపు లాగే పరిస్థితి. "మారుమనస్సు" అంటే వెళ్తున్న దారి తప్పని తెలిసి వెనక్కి తిరగడం. ప్రభువు ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గర ఆగి, "మన పట్ల తప్పు చేసినవాళ్లు" అని చెప్పండి. లేకపోతే బ్యాంకు లోన్ అనుకుంటారు. ఒక పిల్లవాడు నిజంగానే "మా నాన్న ఈఎమ్ఐ కూడానా?" అని అడిగాడు.

వారానికి ఒక్క మాట తీసుకోండి. ఆ వారమంతా ఇంట్లో దాన్ని వాడండి. అన్నాచెల్లెళ్లు కొట్టుకుని మళ్లీ కలిసినప్పుడు "ఇదిగో, ఇదే సమాధానం" అని చూపించండి. విదేశాల్లో పెరుగుతున్న పిల్లలైతే వాళ్లకు వచ్చిన భాషలోనే చదివించి, ఒక్క వచనం మాత్రం తెలుగులో నేర్పి, ఆదివారం వీడియో కాల్‌లో నాయనమ్మకో అమ్మమ్మకో అప్పజెప్పించండి. అవతల నాయనమ్మ ముఖం చూస్తే వాళ్లకు మళ్లీ చెప్పాలనిపిస్తుంది.

4. కంఠత వాక్యాలు అక్కరకు రావాలి

చిన్న వాటితో మొదలుపెట్టండి. "దేవుడు ప్రేమాస్వరూపి." "యేసు కన్నీళ్లు విడిచెను." "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు." మూడేళ్ల పిల్లలు కూడా అభినయంతో చెప్పేస్తారు. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కో, అద్దం పక్కనో అంటించండి. వారానికి ఒకటి చాలు. నెలకు నాలుగు నేర్చుకుని మూడు మర్చిపోయినా ఒకటి మిగులుతుంది.

అసలు పని నేర్పిన తర్వాత ఉంది. ఆ వచనాన్ని ఒక సందర్భానికి కట్టాలి. చీకటంటే భయపడే బిడ్డకు పడుకునే ముందు 23వ కీర్తన. పరీక్షల టెన్షన్‌తో అన్నం తినని బిడ్డకు "ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి." కాంపిటీషన్‌లో ప్రైజు కోసం నేర్చుకున్న వంద వచనాలకంటే, భయమేసిన రాత్రి పక్కన అమ్మ చెప్పిన ఒక్క వచనం లోపల నిలిచిపోతుంది. నేను కాంపిటీషన్లు పెట్టే మనిషినే, అయినా అదే నిజం.

5. దారిలో

స్కూల్‌కి బండి మీద దించే పది నిమిషాలు బంగారం లాంటి సమయం. ముఖం ముఖం చూసుకోనక్కర్లేదు కాబట్టి పిల్లలు అన్నీ చెప్పేస్తారు. అంబులెన్స్ వెళ్తుంటే "లోపలున్నవాళ్ల కోసం ప్రార్థిద్దామా?" అని ఒక్క వాక్యం. వేపచెట్టు చిగురేస్తే "చూడు, దేవుడు ఎంత లేతగా చేశాడో" అని ఒక్క మాట. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నప్పుడు తల మీద చెయ్యి పెట్టి దీవించండి. ఇవన్నీ అరనిమిషం పనులు. ప్రతి సందర్భాన్నీ పాఠం చేయకండి, విసుగొస్తుంది. రోజుకు ఒకటి దొరికితే చాలు.

6. దేవుణ్ణి బూచిని చేయకండి

"అబద్ధం చెప్తే కళ్లు పోతాయ్", "యేసయ్య చూస్తున్నాడు, ఉండు నీ పని చెప్తాడు." మనం విన్నవే, మనమూ అంటున్నాం. పిల్లలు మాట వింటారు, నిజమే. కానీ తప్పు చేసినప్పుడు పరిగెత్తుకుని ఎవరి దగ్గరకు వెళ్లాలో ఆయన్నే చూసి దాక్కోవడం నేర్చుకుంటారు.

ఎఫెసీయులకు రాసిన పత్రిక 6:4లో "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక ప్రభువుయొక్క శిక్షలోను బోధలోను వారిని పెంచుడి" అని ఉంది. ఇక్కడ "శిక్ష" అనే మాట చూపించి బెత్తం తీసేవాళ్లున్నారు. ఆ మాటకు ఇక్కడ అర్థం శిక్షణ, పెంపకం. శిక్షకుడు అంటే నేర్పేవాడు అని మన తెలుగులోనూ ఉంది కదా. పైగా ఆ వాక్యం మొదలయ్యేదే కోపం రేపకండి అన్న మాటతో.

మందలించాలి, తప్పదు. అల్లరి చేస్తే ఆట ఆపండి, ఫోన్ తీసేయండి. అది మీ నిర్ణయం అని చెప్పండి. దేవుడి పేరు మీదకు తోయకండి. అలాగే బైబిల్ చదవడాన్ని పనిష్మెంట్‌గా ఎప్పుడూ ఇవ్వకండి.

7. కోప్పడ్డ రాత్రి ఏం చేయాలి

ఈ మార్గదర్శిలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

మా అబ్బాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు యూనిట్ టెస్ట్ పేపర్ దాచాడు. లెక్కల్లో 25కి 9. బ్యాగు సర్దుతుంటే కాంపాస్ బాక్స్‌లో నాలుగు మడతలు పెట్టి దొరికింది. ఆ రోజు ఆఫీసులో నాకు వేరే చికాకు ఉంది. అదంతా వాడి మీద కుమ్మరించాను. పక్కింటి పిల్లతో పోల్చాను. అనకూడని మాట కూడా అన్నాను. తర్వాత అన్నాలు తిన్నాం, చాప వేశాం, పాట పాడాం, నేను ప్రార్థన చేశాను. అందరూ ఆమేన్ అన్నారు. వాడు అనలేదు. పెదాలు బిగబట్టి, చాప అంచున ఊడిన పీచు లాగుతూ కూర్చున్నాడు.

గిన్నెలు తోముతున్నంతసేపూ ఆ అనని ఆమేన్ వినబడుతూనే ఉంది. చేతులు తుడుచుకుని వెళ్లేసరికి వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నాన్నా, నిన్ను అలా అనడం తప్పు. మార్కుల గురించి మాట్లాడాలి గానీ ఆ మాట అనకూడదు. నన్ను క్షమిస్తావా?" అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఇటు తిరిగి, "పేపర్ దాచడం కూడా తప్పే కదా" అన్నాడు. ఇద్దరం మళ్లీ ప్రార్థన చేసుకున్నాం. ఈసారి వాడే చేశాడు.

పిల్లలకు క్షమాపణ చెబితే లోకువైపోతామని మన పెద్దలు అనుకునేవారు. మనం తప్పులు చేయని మనుషులం కామని పిల్లలకు ముందే తెలుసు. వాళ్లు చూడాలనుకునేది తప్పు చేశాక మనం ఎక్కడికి వెళ్తామో. యేసుక్రీస్తు పాపుల్ని క్షమిస్తాడని వంద పాఠాలు చెప్పినా, అమ్మానాన్న ఒకసారైనా "నాది తప్పు" అనడం వినని బిడ్డకు ఆ క్షమాపణ ఎలా ఉంటుందో తెలియదు.

చేసే పద్ధతి: అదే రోజు, పడుకునేలోపు. తప్పు ఏమిటో పేరు పెట్టి చెప్పాలి. "కానీ నువ్వు కూడా" అని కలపకూడదు. "క్షమిస్తావా?" అని అడిగి, జవాబు కోసం ఆగాలి. భార్యాభర్తలు పిల్లల ముందు గొడవపడితే, రాజీపడటం కూడా పిల్లల ముందే జరగాలి.

8. ప్రార్థనకు అనుకున్న జవాబు రానప్పుడు

మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. ప్రతి రాత్రీ చాప మీద "తాతయ్యని బాగు చెయ్యి యేసయ్యా" అనేది. నాన్నగారు చనిపోయారు. మట్టి చేసి వచ్చాక ఓదార్చడానికి వచ్చిన ఒక పెద్దావిడ, "మంచివాళ్లంటే దేవుడికి ఇష్టం తల్లీ, అందుకే త్వరగా తీసుకెళ్లిపోతాడు" అంది. ఆవిడ ప్రేమగానే అంది. ఆ రాత్రి నా బిడ్డ నా చెవి దగ్గర, "అయితే నేను మంచిగా ఉండనమ్మా" అంది.

ఇలాంటప్పుడు ఏం చెప్పకూడదో ముందు చెబుతాను. దేవుడికి కావలసి తీసుకెళ్లాడనొద్దు. విశ్వాసం చాలలేదనొద్దు, ఆ మాట పసిగుండె మీద జీవితాంతం బరువుగా ఉండిపోతుంది. ఏడవకూడదనీ అనొద్దు.

యోహాను 11వ అధ్యాయం తీయండి. చనిపోయిన లాజరును లేపబోతున్నానని యేసుకు తెలుసు. అయినా లాజరు సహోదరి మరియ ఏడుస్తుంటే ఆయనా ఏడ్చాడు. మా అమ్మాయి అప్పటికే నేర్చుకున్న ఆ చిన్న వచనం, "యేసు కన్నీళ్లు విడిచెను", ఆ రోజు నిజంగా అక్కరకొచ్చింది. "తాతయ్య కోసం యేసయ్య కూడా ఏడ్చాడా?" అంది. "నీతో కలిసి ఏడుస్తున్నాడు" అన్నాను. ఎందుకు బాగు చేయలేదంటే "నాకు తెలియదమ్మా, నేనూ అదే అడుగుతున్నాను" అని నిజం చెప్పాను. ఇద్దరం కలిసి 13వ కీర్తన చదివాం. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని దావీదే దేవుణ్ణి అడిగాడు. అడగడం అవిశ్వాసం కాదని ఆ పిల్లకు తెలియాలి. పునరుత్థాన నిరీక్షణ గురించి కూడా చెప్పండి, అయితే ఏడుపు ఆపడానికి కాదు, ఏడ్చిన తర్వాత.

9. ఆదివారం, కానుక

ఆదివారం గొడవంతా శనివారం రాత్రే తీరిపోతుంది. బట్టలు ఇస్త్రీ చేసి, బైబిల్, కానుక ఒక సంచిలో పెట్టి గుమ్మం దగ్గర ఉంచండి. లేకపోతే మందిరానికి వెళ్లేదాకా తిట్లే, తీరా వెళ్లాక చిరునవ్వుతో వందనాలు. పిల్లలు రెండూ చూస్తారు.

తిరిగొచ్చేటప్పుడు ప్రసంగం ఎంత సాగదీశారో, ఎవరు ఏ చీర కట్టారో, సంఘంలో ఎవరికి ఎవరంటే పడదో మాట్లాడకండి. వెనక కూర్చున్న పిల్లలు వింటున్నారు. పాస్టర్ గారి గురించి పదేళ్లు ఇంట్లో తేలిగ్గా మాట్లాడి, పదిహేనో ఏట ఆయన మాట వినమంటే వినరు.

కానుక విషయానికొస్తే, మందిరం గేటు దగ్గర పది రూపాయలు చేతిలో పెడితే అది మీ కానుకే, వాళ్లది కాదు. మా అమ్మ ప్రతి పూటా ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి విడిగా ఒక డబ్బాలో వేసేది. ఆదివారం ఆ బియ్యం మూటకట్టి నా చేతికిచ్చి పట్టుకెళ్లమనేది. కూర లేని రోజు కూడా ఆ పిడికెడు తగ్గలేదు. ఇవ్వడమంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆ డబ్బా దగ్గరే. ఇప్పటి పిల్లలకు పాకెట్ మనీ ఇచ్చిన రోజే కొంత తీసి కవర్‌లో వేసే అలవాటు చేయండి. ఎంత అన్నది వాళ్లనే తేల్చుకోనివ్వండి.

10. పండుగలు

క్రిస్మస్‌కు కొత్త బట్టలు, స్టార్, కేకు ఎలాగూ ఉంటాయి. ఇరుగుపొరుగుకు కేకు, అరిసెల ప్లేట్లు పిల్లల చేతే పంపండి. వాచ్‌మన్ ఇంటికీ, ఇంట్లో పనిచేసే అమ్మాయి ఇంటికీ మొదట వెళ్లాలి. వాళ్ల బట్టల బడ్జెట్‌లోంచి ఒక జత వేరే బిడ్డకు కొనడం కూడా వాళ్లే ఎంచుకోవాలి. డిసెంబర్ 31 రాత్రి మందిరంలో కొత్త ఏడాదికి వాగ్దానంగా ఇచ్చే వాక్యం కార్డు తీసుకున్నాక దాన్ని బైబిల్లో పెట్టి మర్చిపోకుండా, నెలకోసారి చాప మీద చదవండి.

పిల్లల్ని శ్రమల దినాలకు, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస రోజులకు, దూరం పెట్టకండి. చిన్నపిల్లలకు ఉపవాసం అక్కర్లేదు, వాళ్లకు ఇష్టమైన ఒక చిరుతిండి 40 రోజులు మానేసి ఆ డబ్బు దాచి ఎవరికివ్వాలో ఆలోచిస్తే సరిపోతుంది. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు తీసుకెళ్లండి. చీకట్లో కొవ్వొత్తులు వెలిగించి, తాతయ్య సమాధి మీద పూలు పెట్టి, అక్కడే నిలబడి క్రీస్తు లేచాడని పాడటం పిల్లలు మర్చిపోరు.

11. మీ ఇంటి పన్నెండు రాళ్లు

యెహోషువ 4వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు యొర్దాను దాటాక నదిలోంచి పన్నెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలబెట్టారు. రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే కథ చెప్పడానికి. మన ఇళ్లల్లోనూ అలాంటి రాళ్లున్నాయి, ఎవరూ చూపించడం లేదంతే.

మీ కుటుంబంలో మొదట యేసును నమ్ముకున్నది ఎవరు? ఏ ఊళ్లో? ఎందుకు? పెద్దవాళ్లు బతికుండగానే అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఒంగోలు ప్రాంతం కుటుంబమైతే మీ పూర్వీకుల కథ 1876–78 నాటి కరువుతో కలవొచ్చు. ఆ కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఉద్యమానికి దారి వేసినవాళ్లలో యెర్రగుంట్ల పేరయ్య అనే మన తెలుగు మనిషి ఉన్నాడు. ఊరి బావి దగ్గరకు కూడా రానివ్వని రోజుల్లో ఆయన ఊరూరా తిరిగి తన వాళ్లకు సువార్త చెప్పాడు. మెదక్ వైపు వాళ్లయితే, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన ఆ పెద్ద చర్చి కట్టడంలో కరువు కాలంలో పనిచేసి అన్నం తిన్న కూలీల చేతులున్నాయని చెప్పి మరీ చూపించండి.

"మన విశ్వాసం మా ముత్తాత నుంచి వచ్చింది" అని తెలిసిన పిల్లలు బయట ఎవరైనా ఎగతాళి చేస్తే తల దించుకోరు. మీరే మొదటి తరం విశ్వాసులైతే మీ కథే మొదటి రాయి. తన శిష్యుడు తిమోతి విశ్వాసం గురించి రాస్తూ పౌలు అతని అవ్వ లోయినీ తల్లి యునీకేనూ పేరు పెట్టి గుర్తు చేశాడు.

12. బడిలో, వీధిలో

మన పిల్లల స్నేహితుల్లో హిందువులు, ముస్లింలు ఉంటారు. వాళ్ల దేవుళ్లను, పండుగలను ఇంట్లో ఎగతాళిగా మాట్లాడకండి. మన పిల్లల్ని అలా ఎవరైనా అంటే ఎంత బాధపడతామో తెలుసు కదా. ప్రసాదం విషయంలో ఒక్కో క్రైస్తవ కుటుంబం ఒక్కోలా అనుకుంటుంది. మీ ఇంటి నిర్ణయం ఏదైనా ముందే మాట్లాడుకుని, బిడ్డ నోటికి ఒక మర్యాదైన వాక్యం నేర్పండి: "థాంక్యూ ఆంటీ, మేం ఇది తీసుకోం, మీ లడ్డూలు మాత్రం ఎప్పుడైనా తింటాను." ముందు చెప్పకపోతే ఆ క్షణంలో బిడ్డ తికమకపడి ఏడుపుముఖం పెడుతుంది.

13. పెద్దవాళ్లవుతున్నప్పుడు

పదమూడు దాటాక ప్రశ్నలు మారతాయి. డైనోసార్లు బైబిల్లో ఎందుకు లేవు? ఇంత ప్రార్థన చేసేవాళ్లు ఇలా ఎందుకు ప్రవర్తిస్తారు? యూట్యూబ్‌లో ఒక దైవసేవకుడు అలా అన్నాడేంటి? కంగారుపడి నోరు మూయించకండి. ఇంట్లో అడగనివ్వకపోతే బయట అడుగుతారు. తెలియనిదానికి "నాకు తెలియదు, కలిసి చూద్దాం" అనండి, అన్నట్టే ఆ వారంలో కూర్చుని చూడండి. మార్కు 9లో ఒక తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని ఒకే నోటితో రెండూ అన్నాడు. యేసు అతన్ని వెళ్లగొట్టలేదు, అతని కొడుకును బాగు చేశాడు.

చాప మీద వాళ్ల పాత్రా మారాలి. పద్నాలుగేళ్ల పిల్లతో నడిపించండి. ఏం చదవాలో ఆమెనే ఎంచుకోనివ్వండి. సండే స్కూల్లో చిన్న క్లాసుకు, వీబీఎస్‌లో (సెలవుల్లో పెట్టే బైబిల్ తరగతుల్లో) వాలంటీర్‌గా పంపండి. చెప్పించుకునే వయసు దాటినవాళ్లకు చెప్పే పని ఇస్తే నిలబడతారు. బాప్తిస్మం, కన్ఫర్మేషన్ (తన విశ్వాసాన్ని తానే సంఘం ముందు ఒప్పుకోవడం) విషయంలో తోటి పిల్లలందరూ తీసుకుంటున్నారని తొందరపెట్టకండి.

ఇంటర్‌కు హాస్టల్లో వేస్తే ఆదివారం కూడా స్టడీ అవర్స్ ఉంటాయి, మందిరానికి పంపరు. చేర్చే రోజే ఆదివారం ఆరాధనకు అనుమతి అడగండి, ఒక్కోచోట ఇస్తారు. ఇవ్వకపోతే చిన్న బైబిల్, ఇంట్లో పాడే పాటలు రాసిన నోట్‌బుక్ పెట్టెలో పెట్టండి. "బైబిల్ చదువుతున్నావా?" అని ఫోన్‌లో విచారణ మొదలుపెట్టకండి. అన్నం ఎలా ఉంది, నిద్ర పడుతోందా, ఎవరితో కూర్చుంటున్నావు అని అడిగాక, ఈ వారం మీరు చదివిన ఒక్క వచనం చెప్పండి.

మా అబ్బాయి ఇప్పుడు అలాంటి హాస్టల్లోనే ఉన్నాడు. వారానికి ఒక ఫోన్, ఐదు నిమిషాలు. చివరి అరనిమిషం సంఖ్యాకాండము 6లోని దీవెన చెబుతాను, చిన్నప్పుడు గుమ్మం దగ్గర తల మీద చెయ్యి పెట్టి చెప్పినదే: "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక... నీకు సమాధానము కలుగజేయును గాక." వాడి వెనక లైన్లో పిల్లలు త్వరగా పెట్టేయమని గోల చేస్తుంటారు. వాడు గొంతు తగ్గించి ఆమేన్ అంటాడు, ఆ తర్వాతే ఫోన్ పక్కవాడికిస్తాడు.